పిలిస్తే వెనక్కి తిరిగే టీచరమ్మ

మా బాలవాడి టీచరమ్మ పోయిన బుధవారం బసంత్‌నగర్‌లో, తమ్ముడి ఇంట్లో కన్నుమూశారు. గోదావరిఖనిలో ఆమె దగ్గర ఆడుకుని పెరిగినవాళ్లం ఎంతమందిమో. ఆమెను సాగనంపి మట్టి చేసే రోజు వచ్చింది మాత్రం నలుగురం. మిగతావాళ్లకు డ్యూటీలుండి ఉంటాయి. మొహం చెల్లక రానివాళ్లూ ఉన్నారు. నాకూ చెల్లదు, అయినా వెళ్లాను.

నాకప్పుడు ఆరేళ్లు. నాయిన పొద్దుటి షిఫ్టుకు వాకిలి దాటాక "నాయినా" అని పిలిచాను. ఎందుకు పిలిచానో గుర్తులేదు. మా కాలనీలో గనికి పోయే మనిషిని వెనక నుంచి ఎవరూ పిలవరు. పిలిస్తే ఆ మనిషి తిరిగొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లాలి. నాయిన నవ్వి, చెయ్యూపి వెళ్లిపోయాడు. ఆ రోజే గనిలో పైకప్పు కూలి ఆయన మీద పడింది. శవం ఇంటికి రాకముందే మా అవ్వ, నాయినను కన్నతల్లి, నా మీద పడింది.

"డ్యూటీకి పోయేటోన్ని ఎన్కకెల్లి పిలిచినవ్ గదనే. నోరు మూసుకొని ఉండలేకపోయినవా?"

మూసుకున్నాను. నెలల తరబడి ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ బతిమాలినా, దవాఖానకు తిప్పినా లాభం లేకపోయింది. నేను ఎదురైతే వీధిలో ఆడవాళ్లు తమ పిల్లలను పక్కకు లాక్కునేవాళ్లు. కొడుకును పోగొట్టుకున్న అవ్వను ఇవాళ అర్థం చేసుకోగలను. వాళ్లను మాత్రం అర్థం చేసుకోలేను, చేసుకోను కూడా.

టీచరమ్మ నన్ను మాట్లాడమని ఒక్కసారీ అడగలేదు. తడి ఇసుక, మట్టి, పుల్లలు నా ముందు పెట్టి, చేతిలో ఏదో కుట్టుపనితో పక్కన కూర్చునేవారు. నేను రోజూ గని కట్టేదాన్ని. పుల్లలు నిలబెట్టి పైన పలక పెడితే పైకప్పు, దాని కింద మట్టిమనిషి. ఆ తర్వాత పలకను గుద్ది కూలగొట్టేదాన్ని. మిగతా పిల్లలు భయపడితే, "దాని ఆట దానిది, మీ ఆట మీది" అని వాళ్లకు వేరే మట్టి ఇచ్చేవారు. మర్నాటికి నాకు కొత్త పుల్లలు సిద్ధంగా ఉండేవి.

ఒకరోజు మట్టిమనిషిని ఆమె చేతిలో పెట్టాను.

"నేను మీ నాయిననా?" అని అడిగారు. తలూపాను. ఆమె లేచి గుమ్మం దాకా నడిచారు. నా గొంతులోంచి "నాయినా" అని వచ్చింది. ఆమె వెనక్కి తిరిగారు. వచ్చి నా ఎదురుగా కూర్చుని, గ్లాసెడు నీళ్లు తాగి, మళ్లీ లేచి వెళ్లారు. ఆ ఆట ఎన్ని రోజులు ఆడామో. పిలిచిన ప్రతిసారీ తిరిగేవారు. కడుపు ఉబ్బిపోయినా నీళ్లు తాగేవారు.

తర్వాత ఒకరోజు కావాలనే పిలవలేదు. ఆమె చేతిలోని మట్టిమనిషి గనిలోకి వెళ్లాడు. ఇసుకలో ఒక పుల్ల జారింది, పలక కూలింది.

"నేను పిలవలే," అన్నాను.

"పిలవలేదు బిడ్డా. పిలవకున్నా పడ్డది. పుల్ల జారింది, పడ్డది. నీ నోరు ఏం చెయ్యలే."

నాయిన పోయినప్పటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. "ఏడ్వు, జల్దేం లేదు" అంటూ ఒళ్లో పెట్టుకున్నారు.

ఇంటికెళ్లి అవ్వకు ఆ మాటే చెప్పాను. పిల్లకు మాట వచ్చిందని సంతోషించాల్సిన మనిషి, బాలవాడి నడిపే పెద్దమనుషుల దగ్గరకు వెళ్లింది. టీచరమ్మ పిల్లలతో చావు ఆట ఆడిస్తున్నదని పంచాయితీ పెట్టించింది.

"గా ఆట టీచరమ్మనే నేర్పిందా?" అని నన్ను అడిగారు. అవ్వ చెయ్యి నా భుజం మీద ఉంది. తలూపాను.

"చిన్నపిల్ల, దాన్ని అడగకుండ్రి. ఏమున్నా నన్ను అడుగుండ్రి," అన్నారు టీచరమ్మ. ఆ ఆట నాదని ఆమె చెప్పలేదు. వారం తిరక్కుండానే ఆమెను తీసేశారు. మనిషి చావుకు ఆరేళ్ల పిల్ల నోరు కారణమంటే మా వీధిలో ఎవరూ అడ్డు చెప్పలేదు. కాదన్న మనిషిని మాత్రం ఊళ్లో ఉండనివ్వలేదు.

ఇప్పుడు నేనూ పిల్లలకు చదువు చెబుతున్నాను. పోయినేడు బసంత్‌నగర్ వెళ్లి ఆమెను చూశాను. కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉన్నారు.

"మాట మంచిగొస్తుందా బిడ్డా?" అని అడిగారు.

"మస్తు మాట్లాడుతున్న టీచరమ్మా," అన్నాను. సాయంత్రం దాకా అన్నీ మాట్లాడాను. చెప్పాల్సిన ఒక్క మాట తప్ప.

మట్టి రోజు పాస్టరు ప్రార్థన అయ్యాక ఆమె శవపెట్టెను భుజాల మీదికి ఎత్తుకున్నారు. లారీల దుమ్ములో పది అడుగులు వెళ్లాక పిలిచాను.

"టీచరమ్మా, ఆ ఆట నాదే."

"పోయేటోళ్లను ఎన్కకెల్లి పిలువద్దు బిడ్డా," అన్నాడు పక్కనున్న ముసలాయన.

మళ్లీ పిలిచాను. పెట్టె రోడ్డు మలుపు దాకా పోయింది. నేను పిలిస్తే ఆమె తిరగకపోవడం అదే మొదటిసారి.