రాగి ఏసీ నీళ్ళు

మా అమ్మకు లోకంలో రెండే లోహాలు. రాగి మంచిది, అల్యూమినియం చెడ్డది. అల్యూమినియం గిన్నెల్లో వండితే రోగాలొస్తాయని ఎవరో అనగానే ఇంట్లోని డేగిసలన్నీ పాత సామాన్ల బండికి వేసేసింది. రాగి చెంబును మాత్రం చింతపండుతో తోమి తోమి మెరిపిస్తుంది. అందులో రాత్రి పోసి ఉంచిన నీళ్ళు పొద్దున్నే పరగడుపున తాగకపోతే ఆమె లెక్కలో మనిషి బతకడు.

అలాంటి ఇంట్లో ఏసీ పెట్టించాల్సి వచ్చింది. నా భార్యకు ఏడో నెల. మెదక్ ఎండల్లో ఫ్యాను వేస్తే వేడిగాలే తిరుగుతుంది. "గీ ఉక్కల నాతోని కాదు, అల్లాదుర్గ్ పోత. మా అమ్మోల్లింట్ల ఏసీ ఉన్నది," అంది. పోతే మళ్ళీ కాన్పయ్యాకే రావడం. ఆమె లేని ఇల్లు నాకు బొత్తిగా నచ్చదు. ఎండాకాలం గడిచేదాకానైనా నా దగ్గరే ఉంచుకోవాలని నా తాపత్రయం.

అమ్మ ససేమిరా అంది. "గా గాలికి కీళ్ళు పట్టుకుంటయ్‌రా. కడుపుతోని ఉన్న పిల్లకు ఏసీ ఏంది?"

దుకాణానికి వెళ్తే అక్కడా లోహం ముచ్చటే. "అల్యూమినియం కాయిల్ అగ్గువ సార్. కానీ చిల్లు పడి గ్యాస్ పోతే అతుకు పెట్టుడు కష్టం, కాయిలే మార్చాలె. రాగిదైతే వెల్డింగ్ పెట్టిస్తే అయిపాయె," అన్నాడు దుకాణదారు. నాకు చటుక్కున ఉపాయం తట్టింది. ఇంటికొచ్చి, "అమ్మా, నేను తెచ్చేది రాగి ఏసీ," అన్నాను.

"రాగిదా? గా మాట ముందుగాల చెప్పొద్దారా!"

మర్నాడే ఏసీ గోడెక్కింది. పసుపు కుంకుమ అమ్మే పెట్టింది.

వారం రోజులు హాయిగా గడిచాయి. ఒక పొద్దున పెరట్లోకి వెళ్తే ఏసీ పైపు కింద బిందె కనిపించింది. అందులోని నీళ్ళను అమ్మ రాగి చెంబులోకి వంచుతోంది.

"ఏం చేస్తున్నవే?"

"రాత్రంత రాగి గొట్టాలల్లకెళ్ళి చుక్క చుక్క పడ్డయ్‌రా. మస్తు బలముంటది. రోజు నీకూ కోడలికీ గివే ఇస్తున్న."

"అమ్మా, గవి గొట్టాలల్లకెళ్ళి రావే! రూముల ఉన్న తేమ, మా చెమట, చల్లటి కాయిల్‌కు తగిలి నీళ్ళయితయ్!"

అమ్మ చెంబులోకి ఒకసారి చూసింది. "మీ ఇద్దరిదే గదరా. పరాయోల్లదా?"

లోపలికి ఉరికి, "గా నీళ్ళు తాగినవా?" అని నా భార్యను అడిగాను.

"మొదటి రోజు నుంచే జామచెట్టుకు పోస్తున్న. మీరు తాగిన్రా?"

నేను కుళాయి తిప్పి నోరు పుక్కిలించాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ ఆదివారమే మా అత్తగారు కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చింది. నా ప్రాణం ఉసూరుమంది. కానీ అమ్మ అడ్డం పడింది. "మీ ఇంట్ల ఏసీ ఏంది వదినె, రాగిదేనా?"

"అగ్గువకొస్తే మా ఆయన తెచ్చిండు వదినె. అల్యూమినియం అన్నట్టున్నడు."

"అయితే పంప! పిల్లను అల్యూమినియం గాలిల పండవెడతరా?"

పుట్టి బుద్ధెరిగాక అమ్మ మొండితనానికి మొదటిసారి మనసులో దండం పెట్టుకున్నాను. నా భార్య మాత్రం బ్యాగు జిప్పు లాగుతూ మెల్లగా అంది: "గాలి ఎట్లున్నా పర్వాలేదు అత్తమ్మా. ఆడ ఏసీ నీళ్ళు తాగుమని ఎవ్వరనరు."

అమ్మ రాగి చెంబు తెచ్చి కోడలి బ్యాగులో పెట్టి, "బోరు నీళ్ళే పోసుకో తల్లీ," అంది.

కోడలు వెళ్ళిన మర్నాడు పొద్దున అమ్మ ఎండిపోయిన బిందె ముందు నిలబడింది. "చుక్క గూడ పడలేదు. రాత్రి ఏసీ ఎయ్యలేదారా?"

"ఎవరి కోసం ఎయ్యాలెనే?"

అమ్మ బిందెను బోర్లించింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని అడిగింది: "అల్లాదుర్గ్ బస్సు ఎప్పుడున్నదిరా?"