సరదాకి అని రాసిన బీమా కాగితం

మా మరిది బీమా ఏజెంటు. సొంత మరిది కాదు, మా ఆయన పినతండ్రి కొడుకు. అమలాపురంలో చిన్న ఆఫీసుంది. మనిషి మంచివాడే. ఒక్కటే దురలవాటు, ఎదుటివాళ్లు చెప్పాల్సింది కూడా తనే ముందుగా రాసేసుకుని వస్తాడు. ఆ రోజు కూడా ఫారం మొత్తం నింపి తెచ్చి, భోజనాల బల్ల మీద పరిచి, నేను సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు కూడా పెట్టాడు.

నేను చదవకుండా సంతకం పెట్టే మనిషిని కాను. కరెంటు మీటరు మార్చడానికి వచ్చినవాళ్ల కాగితం కూడా చివరిదాకా చదివాకే పెట్టాను. వాళ్లు ఎండలో నిలబడి నన్ను తిట్టుకునే ఉంటారు. ఇదీ చదివాను. వస్తువుల పట్టీ సరిగ్గానే ఉంది: హార్మోనియం, కీబోర్డు, స్పీకర్లు రెండు, మైకులు, శృతి పెట్టె. వృత్తి అన్నచోట గృహిణి అని రాశాడు. సరే, అందులో అబద్ధమేం లేదు. దాని కింద వాద్యాల వాడకం అని రెండు గడులున్నాయి. ‘వృత్తిరీత్యా’ అన్న గడి ఖాళీగా ఉంది. ‘ఇంట్లో, సరదాకి’ అన్న గడిలో పెద్ద టిక్కు.

“నేను సరదాకి వాయిస్తానా మరిదిగారూ?” అన్నాను.

“ఆయ్, అలా రాస్తే ప్రీమియం సగానికి సగం తగ్గుద్దండి వదినగారూ. మీ మంచికే రాసేను” అన్నాడు.

పెన్ను మూత పెట్టేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. తను మాత్రం నేనింకా సంతకం పెడతాననే అనుకుంటూ కాఫీ తాగుతున్నాడు.

నేను హార్మోనియం వాయిస్తాను. పుట్టిల్లు రాయవరం దగ్గర. మా మేనమామ పద్య నాటకాలకి పెట్టె వాయించేవాడు, ఆయన పక్కన కూచుని తిత్తి కొడుతూ నేర్చుకున్నాను. పెళ్లయి సఖినేటిపల్లి వైపు వచ్చాను. అత్తవారిది ఒకప్పుడు పడవల కుటుంబం, ఇప్పుడు రొయ్యల చెరువులు. కొత్తపేటలో హరికథలు చెప్పే ఒకావిడ ఉన్నారు, నేను అక్కగారూ అని పిలుస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ పక్కన వాయిస్తున్నాను. దసరాకి తొమ్మిది రోజులూ తొమ్మిది ఊళ్లు, కార్తీకంలో ఇంకొన్ని, శివరాత్రి, శ్రీరామనవమి. మధ్యలో భజనలు, సీమంతాలు. సాయంత్రాలు మా వరండాలో పిల్లలకి కీబోర్డు చెబుతాను. దీన్ని సరదా అంటే, మా ఆయన రొయ్యల చెరువుని కాలక్షేపం అనాలి.

అసలు ఈ బీమా ఆలోచన మా తబలా ఆయన వల్ల వచ్చింది. మా బృందంలో తబలా వాయించే పెద్దాయన ఒక పెళ్లిలో వాయించి, భోజనానికి కూచున్నప్పుడు జతని కారులో పెట్టారు. తిరిగొచ్చేసరికి అద్దం పగిలి ఉంది, తబలాల సంచీ లేదు. ఆయనకి బీమా ఉంది. ధీమాగానే వెళ్లారు. కంపెనీవాళ్లు మర్యాదగా రెండే ప్రశ్నలు వేశారట. ఆ రోజు అక్కడికి ఎందుకెళ్లారు అంటే, పెళ్లిలో వాయించడానికండి అన్నారు. ఏమైనా తీసుకున్నారా అంటే, తాంబూలంలో కవరు పెట్టి ఇచ్చేరండి, తీసుకున్నాను అన్నారు. అంతే. ఆయన కాగితంలో కూడా ‘ఇంట్లో, సరదాకి’ అనే ఉంది. అబద్ధమాడటం చేతకాని మనిషికి ఆ కాగితం ఎందుకూ పనికిరాలేదు. రెండు నెలలు అరువు తబలాతో వాయించారు. ప్రతి కార్యక్రమంలోనూ ఆ చర్మం మీద ఆయన చెయ్యి తడుముకోవడం నేను పక్కనే కూచుని చూశాను. బాధేసింది.

ఇది మా మరిదికి పూసగుచ్చినట్టు చెప్పాను. “అడిగితే ఇంట్లో పోయిందని చెబుదాం లెండి” అన్నాడు. నేను చూసిన చూపుకి కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఇంతలో మా ఆయన చెరువు దగ్గర్నుంచి వచ్చారు. సంగతి విని, “కాగితమే కదా, ఏం రాస్తే ఏంటి?” అన్నారు.

“మీరు బ్యాంకు కాగితాల్లో రొయ్యలు సరదాకి పెంచుతున్నానని రాస్తారా?” అన్నాను.

ఆయన నవ్వి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

జవాబు మా అత్తగారు ఇచ్చారు. ఆవిడ పక్కగదిలో టీవీ చూస్తూనే మొత్తం విన్నారు. “తాంబూలంలో పెట్టి ఇచ్చేదాన్ని జీతం అంటే బాగుంటాదా అమ్మా? మా కోడలికి అదో సరదా అండి అని నేను నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాను” అన్నారు. ఆవిడ మాటలో చెడ్డతనం లేదు. ఆవిడకి నిజంగానే అది గొప్ప. అవసరం కోసం కాక ఇష్టం కోసం వాయించే కోడలు.

ఇక్కడ నా సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ మాట అత్తగారికి నేర్పింది నేనే. పెళ్లయిన కొత్తలో, ఎవరైనా ‘మీరు వాయిస్తారటగా’ అంటే, ‘ఏదో సరదాకండీ’ అనేదాన్ని. అలా అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. అత్తవారికి పరువు, పిలిచినవాళ్లకి సుఖం, నాకు మంచిపేరు. మా వైపు వాద్యం వాయించినవాళ్లకి డబ్బు చేతికివ్వరు. పళ్లెంలో తమలపాకులు, వక్క, రెండు అరటిపళ్లు, జాకెట్టు గుడ్డ పెట్టి, ఆకుల కింద కవరు పెడతారు. పళ్లెం అందుకుని కళ్లకద్దుకోవాలి. కవరు అక్కడ విప్పకూడదు, ఎంతని అడగనే కూడదు. నేనూ అలాగే చేశాను. ఇంటికొచ్చాక కూడా కవరు వెంటనే విప్పేదాన్ని కాదు, బీరువాలో చీరల కింద పడేసి, మర్నాడెప్పుడో చూసేదాన్ని. అడగకపోవడమే నా గొప్పతనం అనుకున్నాను. ఇప్పుడు ఎవరో అచ్చేసిన ఒక గడి, ఏంటమ్మా నువ్వు చేసే పని, అని సూటిగా అడుగుతోంది.

అసలు బీమాయే వద్దని లేచిపోవచ్చు. ఇన్నేళ్లూ లేకుండానే తిరిగాను. పంటు మీద గోదావరి దాటి నర్సాపురం వెళ్లాను, వానలో ఆటోలో కాలవగట్ల మీద వెళ్లాను, పెట్టె మీద నా పైట కప్పి నేను తడిశాను. కానీ అప్పుడు ఒక్క పెట్టే. ఇప్పుడు మోసే సామానంతా పోతే మళ్లీ కొనడం నా వల్ల కాదు, మా ఆయన్ని అడగాలి. ఆయన కాదనరు. ఆ రొయ్యల డబ్బుతో మళ్లీ కొని వాయిస్తే, అప్పుడు నిజంగానే అది సరదా అవుతుంది. అదే నాకు సహించలేదు.

ఫారం ముందుకి లాక్కున్నాను. ఆ టిక్కుని కొట్టేసి పక్కన పొడి సంతకం పెట్టాను. వృత్తిరీత్యా అన్న గడిలో టిక్కు పెట్టాను. గృహిణి అన్నదాని పక్కన కామా పెట్టి, హార్మోనియం వాద్యకారిణి అని రాశాను. నా దస్తూరి అంత బాగుంటుందని నాకే తెలీదు.

మా మరిది తల పట్టుకున్నాడు. “ఆయ్, రాసేరు, బానే ఉందండి. కంపెనీవాళ్లు రుజువడుగుతారండి. మీకెవరైనా ఇంతిచ్చేమని బిల్లు ఇచ్చేరా?”

తమలపాకు కింద బిల్లు ఎవరు పెడతారు?

“పోనీ, రాబోయే కార్యక్రమాలకి ఇంతిస్తామని ఎవరైనా రాసిచ్చినా చాలండి. దసరా లోపు తెండి, కట్టేద్దాం. లేదంటే పాత గడే మేలు” అన్నాడు.

రాసివ్వగలిగింది ఒక్క అక్కగారే. ఎందుకంటే ఏ ఊళ్లోనైనా ఉత్సవ కమిటీవాళ్లు డబ్బు మొత్తం ఆవిడ చేతికిస్తారు. ఆవిడ అందులోంచి మాకు పళ్లేలు సర్దుతారు. ఎవరి ఆకుల కింద ఎంత పెట్టాలో ఆవిడే అనుకుంటారు. అంటే నేను వెళ్లి అడగాల్సింది బీమాకి ఉత్తరం కాదు. అక్కగారూ, నాకెంతిస్తారు? అని అడగాలి. పద్దెనిమిదేళ్లలో ఆ ప్రశ్న మా ఇద్దరి మధ్యా ఒక్కసారి కూడా రాలేదు. ఆవిడకి మనసు కష్టమైతే దసరా తొమ్మిది కథలూ పోతాయి, ఆ తర్వాత నా పెట్టెకి బీమా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. భయం లేదని చెప్పను, అమలాపురంలో బస్సు మారేటప్పుడు వెనక్కి వెళ్లిపోదామనిపించింది. కానీ కోపం కూడా తగ్గలేదు. నా విషయంలో ఎప్పుడూ కోపమే ముందు నడుస్తుంది, నేను దాని వెనక వెళతాను.

అక్కగారు వరండాలో కూచుని గజ్జెలకి తెగిన తాడు మారుస్తున్నారు. అరవై దాటాయి, ఇప్పటికీ మూడు గంటలు నిలబడి కథ చెబుతారు. “ఏమ్మా, చెప్పాపెట్టకుండా వచ్చేవు?” అన్నారు. ఎదురుగా పీట మీద కూచుని, ఉపోద్ఘాతం లేకుండా మొత్తం చెప్పేశాను. తబలా ఆయన సంగతి ఆవిడకీ తెలుసు. చివర, “దసరాకి కథకి నాకింతిస్తామని రాసివ్వాలండి” అన్నాను.

ఆవిడ తాడు ముడి వేశారు, పళ్లతో కొస కొరికారు, గజ్జెలు పక్కన పెట్టారు. తర్వాత లేచి లోపలికెళ్లి, పైన ఆవిడ పేరూ బిరుదులూ అచ్చేసిన లెటర్ ప్యాడ్ తెచ్చుకుని, ఒళ్లో పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. రాసి నా చేతికిచ్చారు.

ఈమె నా కథలకు హార్మోనియం వాద్య సహకారం ఇస్తున్నారు, రాబోయే దసరాకు తొమ్మిది కథలకూ నాతో వస్తారు, కథకు ఇంత చొప్పున పారితోషికం చెల్లించగలను, అని ఉంది. ఎంత అన్నది రాయాల్సిన చోట జానెడు ఖాళీ ఉంది.

“అంకె నువ్వే వేసుకో” అన్నారు. “ఇన్నాళ్లూ నేనే వేసేను. నా గొంతు అయిదున్నర శృతి నించి నాలుగున్నరకి దిగింది, నేను నోరు తెరిచి చెప్పకుండానే నువ్వు శృతి దించుకుంటా వచ్చేవు. ముందు వరసలో కూచున్నోళ్లకి కూడా తెలవలేదు. అప్పుడన్నా నువ్వు అడుగుతావేమో అని చూసేనమ్మా. నువ్వు అడగలేదు. నాకూ సుఖంగానే ఉంది.”

ఆ చివరి మాట ఆవిడ దాచుకోవచ్చు. దాచుకోలేదు. నాకు ఆవిడ మీద కోపం రాలేదు, కళ్లలో నీళ్లు మాత్రం వచ్చాయి. అవి కనబడకుండా పెన్ను తీసుకుని తల వంచి అంకె వేసి కాగితం ఆవిడకిచ్చాను.

ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని చూశారు. “ఇది శివరాత్రికి నేను కవర్లో పెట్టిందే కదమ్మా” అన్నారు.

నిజమే. నాకు నేను ఎంత వెల కట్టుకుంటానో చెప్పమంటే, నా చెయ్యి తనంతట తనే ఆ ఆకుల కింది అంకే వేసింది. ఇంట్లో అంతమందితో పోట్లాడి, రెండు బస్సులెక్కి వచ్చింది దీనికి. సిగ్గేసింది.

కాగితం తిరిగి తీసుకుని నిలువునా చింపేశాను. “ఇంకోటి రాయండి అక్కగారూ” అన్నాను.

ఆవిడ మళ్లీ మొదటి నుంచీ రాశారు. ఈసారి ఖాళీ వదలబోతుంటే, వదలొద్దన్నాను. బస్సులో అమలాపురం నుంచి కొత్తపేట దాకా నా మనసులో తిరిగిన అంకె ఒకటుంది. అది పైకి చెప్పాను. ఆవిడ పెన్ను ఆపి తలెత్తి నా వైపు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు, ఏదో సర్దిచెప్పడానికి నోరూ తెరవలేదు. ఆవిడ కాగితం మీదకి వంగి, ఆ అంకె వేశారు.