పాలపొడి డబ్బాలో వాగ్దానం

ఆ డబ్బా ఇప్పుడు నా మంచం కింద ఉంది. పాలపొడి డబ్బా. గది మారిన ప్రతిసారీ పారేద్దామనుకుంటాను, చెత్తకుండీ దాకా తీసుకెళ్లి మళ్లీ వెనక్కి తెచ్చుకుంటాను. అందులో బరువేమీ లేదు, గుప్పెడు అట్టముక్కలు. అయినా ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అదే మంచిది. తెలిసినవాళ్లు నన్ను ‘బ్రదర్ గారూ’ అంటారు. ఆ పిలుపు విన్నాక ఈ మాట చెప్పలేను.

2020లో నేను అబుదాబీకి పడమరగా సముద్రంలో ఉన్న ఒక దీవిలో ఉండేవాణ్ని. పేరుకు క్యాంపు లాండ్రీలో పని. కోనసీమలో మా సంఘానికి మాత్రం నేను దీవి మిషనరీని. పాస్టర్ గారు తలమీద నూనె పోసి, చేతులుంచి ప్రార్థించి పంపారు. “లంకలో పుట్టి లంకకే పోతున్నావురా, కాకపోతే ఇది ఉప్పు లంక” అని మావాళ్లు వేళాకోళమాడారు. నేనూ నవ్వాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. దేవుడు నాకోసం ఒక దీవిని వేరుగా దాచిపెట్టాడని నిజంగానే నమ్మాను.

రోజంతా దుప్పట్లు, ఆవిరి, ఇస్త్రీ. ఆరేసిన బట్టల మీద సముద్రపు గాలికి ఉప్పు పేరుకునేది, మళ్లీ ఉతకాల్సి వచ్చేది. శుక్రవారం మధ్యాహ్నం ఇస్త్రీ గదిలో మా ప్రార్థన. పాట బయటికి వినపడకుండా వాషింగ్ మెషిన్లు నడుపుతూ పాడేవాళ్లం. ముదీర్‌కు, అంటే క్యాంపు మేనేజరుకు, తెలుసు. మీలో మీరు చేసుకోండి, ఇంకెవర్నీ పిలవకండి అన్నాడు. పది మందిమి ఉండేవాళ్లం. వాళ్లు వచ్చేది నా ప్రసంగానికి కాదు, సత్యానందం అన్న పాటకు. ఆ సంగతి నాకు తెలుసు. తెలియనట్టు ఉండేవాణ్ని.

సత్యానందం అన్న రాజోలు వైపు మనిషి, క్యాంపులో ప్లంబరు. భార్య రత్నమ్మ వదిన అజ్మాన్‌లో ఇళ్లలో పనిచేసేది. ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నారు, మధ్యలో సముద్రం ఉంది. ఏ విషయం తేల్చుకోవాలన్నా ఆయనకు బైబిలు వాక్యం రాసిన వాగ్దానం చీటీ కావాలి. మనలో చాలామంది కొత్త సంవత్సరానికి ఒకటి తీసి, ఏడాదంతా బైబిల్లో పెట్టుకుంటారు కదా. మాకు దీవిలో అచ్చు కార్డులు లేవు. ఇస్త్రీ చొక్కాల మడతల్లో పెట్టే అట్టలు కత్తిరించి, వాక్యాలు నేనే రాసి, ఆ డబ్బాలో వేసేవాణ్ని.

మార్చిలో లాంచీలు ఆపేస్తారని పుకారు పుట్టింది. అప్పుడే వదినకు జ్వరం వచ్చింది. పనిచేసే ఇంటివాళ్లు భయపడి ఆమెను మంచానికింత అని అద్దెకిచ్చే బెడ్‌స్పేస్ గదికి పంపేశారు. అన్న వెళ్తానంటే ముదీర్ ఒప్పుకున్నాడు. మర్నాటి లాంచీలో చోటు కూడా దొరికింది. ఆయన బ్యాగు సర్దుకుని ఇస్త్రీ గదికి వచ్చాడు.

“తమ్ముడూ, మనసేమో ఎల్లమంటంది. కానీ మనసు మాట ఇనకూడదు కదా. ప్రబువునే అడుగుదాం. డబ్బా తే.”

“ఏది వస్తే అదేనా అన్నా?”

“అదే. ఇంక మారు మాట లేదు.”

ఒక్క నిమిషం, ప్రార్థించుకుని వస్తాను అని లోపలికి వెళ్లాను. ప్రార్థించలేదు. ఇప్పుడైనా సూటిగా చెప్పనివ్వండి. ఈస్టరుకు మాలో ముగ్గురికి సముద్రంలో నేను బాప్తిస్మం ఇవ్వాలని పాస్టర్ గారు ఊరినుంచే ఏర్పాటు చేశారు. పుట్టుకతో క్రైస్తవులే, ఇన్నాళ్లూ వాయిదా వేసినవాళ్లు. ఆ ఫొటో కోసం ఊళ్లో అందరూ ఎదురుచూస్తున్నారు. పాడే మనిషి పోతే ఆ ముగ్గురూ రారు. నేను ఇస్త్రీవాడిగా మిగిలిపోతాను. అందుకని డబ్బా బోర్లించి పాత చీటీలు తీసేశాను. కొత్త అట్టలు కత్తిరించి అన్నిటి మీదా ఒకే మాట రాశాను. ఉన్న చోటనే ఉండు, నీవారిని నేను కాపాడతాను అని. ఒక్క అక్షరమూ కొట్టేయకుండా రాశాను. అంత తేలిగ్గా ఎలా రాశానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఆయన కళ్లు మూసుకుని ఒకటి తీశాడు. చదివాడు. మళ్లీ డబ్బాలో చేయి పెట్టబోయాడు. రెండోదీ అదే మాటైతే దొరికిపోతాను. చేయి వెనక్కి తీసుకుని, “రెండుసార్లు అడిగితే నమ్మనట్టే కదా” అన్నాడు. తన గదికెళ్లి బ్యాగులోంచి బట్టలు తీసి మళ్లీ మేకులకు తగిలించుకున్నాడు.

మర్నాడు లాంచీ వెళ్లిపోయింది. ఆ తరువాత రాలేదు. వదిన గదిలోవాళ్లు జబ్బు అంటుతుందని తలోచోటికీ వెళ్లిపోయారు. ఎవరో అంబులెన్సు పిలిచేసరికే ఆలస్యమైంది. ఆయన వెళ్లినా ఆమె బతికేది కాదేమో. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! కానీ పక్కన కూర్చుని గ్లాసుడు నీళ్లు ఇచ్చేవాడు కదా. అంబులెన్సు ఇంకాస్త ముందు పిలిచేవాడు కదా. ఈస్టరుకు బాప్తిస్మాలు జరిగాయి. నడుం లోతు నీళ్లలో నిలబడి సత్యానందం అన్నే పాడాడు. ఫొటో బాగా వచ్చింది.

ఇప్పుడు నేను దీవి వదిలి ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో ఉంటున్నాను, అన్న అజ్మాన్‌లో. వెళ్లిన ప్రతి కూటంలోనూ సాక్ష్యం చెబుతాడు. దేవుడు ఉండమన్నాడు, ఉన్నాను, ఆమెను ఎందుకు తీసుకెళ్లాడో ఆయనకే తెలుసు అంటాడు. జనం ఏడుస్తారు. ఆ చీటీ ఆయన ఫోను కవరులో ఉంటుంది. నా చేతిరాతను అంత భక్తితో ముద్దుపెట్టుకునే మనిషికి నిజం చెబితే ఆయనకేం మిగులుతుంది? నేను దాచేది ఆయన కోసమేనా? కాదు. పరువు పోతుందని.

నిన్న ఫోను చేశాడు. కూతురు దీవెన నర్సింగ్ పూర్తి చేసి ఇక్కడికి వచ్చింది. ఎడారి అవతల ఏదో క్యాంపు క్లినిక్‌లో ఉద్యోగమట. ఆ పిల్లకు ఇష్టం లేదు. “దాని ఇష్టమూ కాదు, నా ఇష్టమూ కాదు తమ్ముడూ, ప్రబువు ఇష్టం. శుక్రవారం ఆ డబ్బా అట్టుకురా. దానిచేత తీయిత్తాను” అన్నాడు. వస్తానన్నాను.

డబ్బా తెరిచి చూశాను. మిగిలిన చీటీలు అలాగే ఉన్నాయి. ఏది తీసినా అదే మాట.

శుక్రవారం వాటన్నిటినీ ఆయన ముందు పరుస్తానని రాద్దామనుకున్నాను. కలం ఆగిపోయింది. రాస్తే అది నేను రాసిన ఇంకో వాగ్దానం అవుతుంది. చేసింది మాత్రం రాయగలను. ఆ రోజు సత్యానందం అన్నను ఉండమన్నది దేవుడు కాదు, నేను. ఇన్నేళ్లలో ఈ మాట బయటికి రావడం ఇదే మొదలు. కాస్త ఊపిరి ఆడుతోంది.