డెల్‌రోజ్ అడిగిన మాట

డెల్‌రోజ్ పినాక్ మా సందులో బట్టలు కుట్టేది. బడులు తెరిచే ముందు నెలంతా ఆమె వాకిట్లో తల్లుల గుంపే. నీలం గుడ్డో ఖాకీ గుడ్డో చంకన పెట్టుకొచ్చి, "మిస్ డెల్, పిల్ల ఎదుగుతోంది, కాస్త వదులు ఉంచు" అని ఒకరు, "మరీ వదులొద్దు, గాలికి లేచిపోతుంది" అని ఇంకొకరు. ఆమె అందరికీ జవాబు చెబుతూనే అంచులు మడిచి కుట్టేసేది. చేతికేసి చూసేది కూడా కాదు. నోరు మాత్రం కాస్త కరుకు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "ఇన్ని కొలతలు తీశాను, ఒక్కడూ సరిపోలేదు" అనేది.

నేను ఆమె ఇంటికెదురుగా రొట్టెలు కాల్చి అమ్ముతాను. నా పేరు బ్లాసమ్. జరిగినదాంట్లో కొంత నా కళ్ళతో చూశాను, కొంత ఆమె నోటి వెంట విన్నాను.

ఆ ఆగస్టులో ఒక మధ్యాహ్నం నోవెలెట్ ఫేసీ తన కూతురి గౌను కోసం డెల్‌రోజ్ దగ్గరికి వచ్చింది. నోవెలెట్ మొగుడు లిన్వాల్ కొబ్బరి తోటల్లో పనిచేసేవాడు. పెళ్ళాన్ని కొడతాడని మా కోవ్ హిల్ ఊరంతటికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టే ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఆ రోజు ఆమె అతనికి చెప్పకుండా గడప దాటింది. కాసేపటికి అతను కొబ్బరికాయలు కొట్టే కత్తితో డెల్‌రోజ్ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా పెళ్ళాన్ని బయటికి పంపు."

"పని అయ్యాక వస్తుంది. ఆ కత్తి అవతల పెట్టి కూర్చో, మంచినీళ్ళిస్తాను."

"నాకు చెప్పడానికి నువ్వెవరు?"

"ఈ ఇల్లుగలదాన్ని."

ఆ మాట నాకు రోడ్డవతలికి వినబడింది. తర్వాత నోవెలెట్ కేక వినబడింది. నేను పరుగెత్తి వెళ్ళేసరికి డెల్‌రోజ్ గుమ్మంలో కూలబడి ఉంది. కుడిచేతికి నీలం గుడ్డ చుట్టుకుని ఉంది, గుడ్డ నల్లబడిపోతోంది. లిన్వాల్ కత్తి పారేసి అక్కడే నిలబడ్డాడు, తను చేసింది తనకే అర్థం కానట్టు. "బ్లాసమ్, మిషను మీద పిల్ల గౌను ఉంది, దానికి రక్తం అంటకుండా తీసెయ్" అంది డెల్‌రోజ్. అంతే, స్పృహ తప్పింది.

ఆసుపత్రిలో నరాలు కలిపి కుట్టారు. చెయ్యి నిలిచింది గానీ చూపుడువేలూ మధ్యవేలూ మళ్ళీ ముడుచుకోలేదు. కత్తెర పట్టదు, సూది నిలవదు. ఆ ఏడు బడి బట్టలన్నీ పక్క ఊరికి పోయాయి.

లిన్వాల్‌ని పోలీసులు తీసుకెళ్ళారు. నోవెలెట్ కూతుర్ని తీసుకుని అత్తగారింటికి చేరింది. పోలీసులు అడిగితే, "నేను లోపలి గదిలో ఉన్నాను, ఏమీ చూడలేదు" అని చెప్పిందట. డెల్‌రోజ్ ఇంటికి లోపలి గదే లేదు. చేతి నొప్పికి ఏడవని మనిషి, ఆ సంగతి విన్న పూట గోడవైపు తిరిగి పడుకుంది.

కొన్ని వారాలకి సంతకెళ్ళింది. పెండలం దుంపల కుప్ప దగ్గర వంగి ఏరుకుంటూ తలెత్తితే, కుప్పకి అవతల లిన్వాల్. అతనూ దుంపలే ఏరుకుంటున్నాడు. బెయిలు మీద వచ్చాడని ఆమెకి ఎవరూ చెప్పలేదు. సంచి అక్కడే వదిలేసి ఇంటికొచ్చి పట్టపగలు గడియ పెట్టుకుంది. చాలాసేపు పిలిస్తే గానీ నాక్కూడా తలుపు తియ్యలేదు. చూస్తే కుట్టుమిషను గుమ్మానికి ఎదురుగా తిప్పుకుని కూర్చుంది. కుట్టడానికి కాదు, వెనకనుంచి ఎవరూ రాకుండా.

మర్నాడు ఇద్దరం పోలీసు స్టేషనుకి వెళ్ళాం.

"వాణ్ణి వదిలేస్తే నాకు చెప్పొద్దా?" అంది.

"వదిలింది మేం కాదు, కోర్టు" అన్నాడు సార్జెంటు.

"కోర్టు వచ్చి నాకు చెబుతుందా మరి?"

"ఏమో మిస్ డెల్, నువ్వు ఎవర్నీ అడగలేదుగా."

"అడగాలని నాకు ఎవరు చెప్పారు?"

అతను తల గోక్కున్నాడు. పక్కనున్న ఆడ కానిస్టేబులు మాత్రం మా వెనకే బయటికొచ్చి, తపాలా ఆఫీసు మేడమీద దెబ్బతిన్నవాళ్ళకి సాయం చేసే ఆఫీసుందని, అక్కడ మిసెస్ టుల్లోక్‌ని కలవమని చెప్పింది.

హార్టెన్స్ టుల్లోక్ లావుపాటి మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. ముందు ఏం జరిగిందని అడగలేదు. "తలుపు తీసి ఉంచనా, వెయ్యనా?" అని అడిగింది. డెల్‌రోజ్ ఆవిడ ముఖంలోకి చూసి, "తీసి ఉంచండి" అని, అప్పుడు మొదలుపెట్టింది. అంతా విన్నాక ఆవిడ చెప్పింది ఇంతే: "చూడమ్మా, ఈ కేసులో నువ్వు సాక్షివి మాత్రమే కాదు. దెబ్బ తిన్న మనిషివి. వాయిదా ఎప్పుడో నువ్వు అడగొచ్చు. వాడు బయటికొస్తే తెలుసుకోవచ్చు. వాడు నీ సందులోకి రాకూడదని కోరవచ్చు. శిక్ష వేసే ముందు నీ బతుకు ఏమైందో జడ్జికి నువ్వే చెప్పొచ్చు."

"నేను అడిగితే వింటారా?"

"ఒక్కోసారి వినరు. అప్పుడు నేను అడుగుతాను."

లిన్వాల్ మా సందులో అడుగు పెట్టకూడదని కోర్టు చెప్పేదాకా ఆవిడ తిరిగింది. వారం వారం డెల్‌రోజ్‌ని పిలిపించి మాట్లాడేది కూడా. ఏం మాట్లాడుకునేవారో నాకు తెలీదు. మిషను మాత్రం కొన్నాళ్ళకి మళ్ళీ కిటికీవైపు తిరిగింది.

కోర్టు ఇంకో రకం నరకం. వరండాలో ఒకే ఒక్క బల్ల. ఆ చివర డెల్‌రోజ్, ఈ చివర లిన్వాల్ తల్లి ఐనెజ్. ఆవిడ తిట్టేది కాదు, తిడితే బాగుండేది. మెల్లగా పక్కకి జరిగి, సంచీలోంచి బన్ను తీసి, "తిను డెల్, ముఖం పీక్కుపోయింది. మనం ఒకే చర్చి మనుషులం. వాడు లేకపోతే ఆ పసిదానికి ఎవరు పెడతారు చెప్పు" అనేది. వాయిదా మీద వాయిదా పడుతూ పోయింది, ప్రతిసారీ అదే బన్ను, అదే మాట. ఒకరోజు తిరిగొస్తూ డెల్‌రోజ్ నాతో అంది: "కేసు వదిలేస్తానే బ్లాసమ్. కత్తిని తట్టుకున్నాను గానీ ఆ బన్నుని తట్టుకోలేను."

నేను వెళ్ళి మిసెస్ టుల్లోక్‌కి చెప్పాను. తర్వాతి వాయిదాకి ఆవిడ కోర్టు గుమస్తాతో పోట్లాడి ఒక గది తెరిపించింది. లోపల విరిగిన ఫ్యాన్లు, పాత కుర్చీలు, బూజు.

"నాకు గోడౌనిచ్చారా?" అంది డెల్‌రోజ్.

"తలుపుంది కదమ్మా" అంది ఆవిడ. "అదే ముఖ్యం."

విచారణ రోజున ఆ తలుపే ఎవరో తట్టారు. తీస్తే నోవెలెట్. భర్త మంచివాడని చెప్పించడానికి అత్తగారు తీసుకొచ్చింది. బుగ్గమీద పౌడరు కింద పచ్చగా పాత దెబ్బ.

"నేనిక్కడ కూర్చోవచ్చా అక్కా?" అంది.

డెల్‌రోజ్ ఆ బుగ్గకేసి చూసింది. ఏమంటుందోనని నాకు భయమేసింది. చివరికి, "అటు కుర్చీకి కాలు విరిగింది, ఇటు కూర్చో" అంది.

కొంతసేపయ్యాక నోవెలెట్ చిన్నగా, "నిజం చెబితే ఎక్కడికి పోవాలో తెలీక అలా చెప్పాను" అంది. మిసెస్ టుల్లోక్ ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "అది నాకు వదిలెయ్. ఈ పూట ఎక్కడ పడుకుంటావో నేను చూస్తాను. లోపల ఏం చెప్పాలో మాత్రం నేను చెప్పను, అది నీ ఇష్టం" అంది.

నోవెలెట్ లోపలికెళ్ళి చూసింది చూసినట్టు చెప్పింది. గొంతు ఎంత చిన్నదంటే జడ్జి ఇంకాస్త గట్టిగా చెప్పమని అడగాల్సొచ్చింది. వెనక బల్లమీద ఐనెజ్ కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆ సాయంత్రం నోవెలెట్, కూతురు కొండ అవతల పిన్ని ఇంటికి బస్సెక్కారు. మిసెస్ టుల్లోక్ ఆ పిన్నితో ముందే మాట్లాడి పెట్టింది.

నేరం రుజువైంది. శిక్ష వేసే రోజున లిన్వాల్ లాయరు లేచి, అతను పశ్చాత్తాపపడుతున్నాడని, కష్టజీవి అని చాలాసేపు మాట్లాడాడు. తర్వాత జడ్జి, "మిస్ పినాక్, మీరేమన్నా చెప్పాలనుకుంటున్నారా?" అని అడిగాడు.

ఆమె లేచి చెయ్యి బల్లమీద పెట్టింది.

"ఈ చేత్తో నేను చూడకుండా కుట్టేదాన్ని అయ్యా. ఇప్పుడు గుండీ పెట్టుకోవడానికి కూడా చూసుకోవాలి. వెనక ఎవరన్నా నడిస్తే చెమట పడుతుంది. చర్చిలో చివరి వరసలో కూర్చుంటున్నాను, గోడ నా వెనక ఉండాలని. ఇతనికి ఎన్నేళ్ళు వెయ్యాలో నేను చెప్పను, అది మీ పని. నేను అడిగేది ఒక్కటి. ఇతను బయటికొచ్చే రోజు నాకు ముందుగా చెప్పండి. నోవెలెట్‌కి కూడా చెప్పండి. సంతలో దుంపల కుప్ప దగ్గర తెలుసుకునే పని మళ్ళీ పెట్టకండి."

లిన్వాల్ తలెత్తలేదు. జడ్జి ఏదో రాసుకున్నాడు. నాలుగేళ్ళు వేశాడు. మా సందులో కొందరు తక్కువన్నారు, కొందరు ఎక్కువన్నారు. డెల్‌రోజ్‌ని అడిగితే, "నేను తక్కెడ పట్టుకెళ్ళలేదు" అంది.

తర్వాత ఆమె బడి బట్టలు కుట్టలేదు. తిన్నగా పోయే కుట్లే కుట్టేది: కర్టెన్లు, దిండు గలీబులు. గుడ్డ కత్తిరించడం ఎడమచేత్తో నేర్చుకుంది. మొదట్లో అంచులు వంకరపోయేవి, కొనేవాళ్ళు ఏమీ అనేవాళ్ళు కాదు. "జాలిపడి కొనకండి, వంకరగా ఉంటే వెనక్కివ్వండి" అని తనే కసిరేది.

లిన్వాల్ పూర్తి గడువుకి ముందే బయటికొచ్చాడు. దానికి వారం ముందు ఆ సంగతి చెప్పడానికి జైలునుంచి డెల్‌రోజ్‌కి ఫోనొచ్చింది. అప్పుడు నేనక్కడే ఉన్నాను, ఆమె చేపలు వేయిస్తోంది. విని, "సరేనండి, చెప్పి మంచిపని చేశారు" అని పెట్టేసింది. పొయ్యి ఆపి కూర్చుంది. కొంచెం నెమ్మదించాక నోవెలెట్‌కి ఫోన్ చేసింది. ఆమెకీ అప్పుడే చెప్పారట. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, ఎక్కువగా పిల్ల చదువు గురించే.

ఇప్పుడతను తల్లి దగ్గరే ఉంటాడు. రోడ్డుమీద డెల్‌రోజ్ కనబడితే అవతలి వైపుకి మారి నడుస్తాడు. క్షమించావా అని పాస్టరు ఒకసారి అడిగాడు. "అది అతను అడగాలి పాస్టర్‌గారూ, మీరు కాదు" అంది. అతను ఇంతవరకూ అడగలేదు.

ఇప్పటికీ కోర్టు ఉన్న రోజుల్లో మిసెస్ టుల్లోక్ కబురు పెడితే డెల్‌రోజ్ వెళ్తుంది. ఎవరి కొడుకునో కాల్చారనో, ఎవరి ఇల్లో దోచారనో వచ్చినవాళ్ళతో ఆ గదిలో కూర్చుంటుంది. గది అలాగే ఉంది, ఫ్యాన్లు మాత్రం తీసేశారు. పోయిన వారం ఒక ముసలాయన వచ్చాడు, మనవణ్ణి పోగొట్టుకున్నవాడు. పొద్దుటినుంచీ డెల్‌రోజ్ పక్కనే కూర్చున్నాడు. పేరు పిలిచాక లేచి నిలబడి, "నువ్వు కూడా లోపలికొస్తావా అమ్మాయ్?" అని అడిగాడు. డెల్‌రోజ్ తన కుర్చీ పక్కకి జరిపి ఆయన వెంట వెళ్ళింది.