గురువులు రాయికి దారి

పోతమ్మ పుట్టింది సముద్రం ఒడ్డునే, కాపురానికి వచ్చింది ఒడ్డునున్న పెదజాలారిపేటకే. అయినా అరవై రెండేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా పడవెక్కలేదు. జాలర్లలో ఆడవాళ్ళు పడవెక్కరు. చేప ఇసక మీద పడ్డాకే వాళ్ళ చేతికొస్తుంది.

అలా వచ్చిన చేపల్ని ఆమె ముప్ఫయ్యేళ్ళుగా మద్దిలపాలెంలో అమ్ముతోంది. గంప ఎక్కనివ్వని కండక్టర్లతో పోట్లాడి మరీ బస్సులో వెళ్ళేది. డిపో వెనక వీధిలో స్టీలుప్లాంటుకీ పోర్టుకీ ఉద్యోగాల మీద వచ్చిన గోదావరి జిల్లాల వాళ్ళు ఉంటారు. వాళ్ళలో వెంకటరమణమ్మ గారు, వచ్చి పాతికేళ్ళయినా, గంప దించగానే మొదట అడిగేది పులసే.

"మా సముద్రంలో ఉన్నప్పుడు దాని పేరు ఇలసమ్మా. మీ గోదాట్లోకెల్లాకే దానికి పొగరు," అనేది పోతమ్మ. ఆవిడ నవ్వి, ఉన్న చేపే తీసుకునేది.

పోతమ్మ మొగుడు ఎల్లాజీ గేలాల వేటగాడు. తెల్లవారకుండా వెళ్ళి, ఎండ నడినెత్తికొచ్చే వేళకి తిరిగొచ్చేవాడు. గుమ్మంలో, గాలి తగిలేలా సముద్రానికి వీపు పెట్టి కూర్చుని అన్నం తినేవాడు. పోతమ్మ లోపల, ఎదురుగా కూర్చుని వడ్డించేది. తింటూ ఆ పూట వేటంతా చెప్పేవాడు. ఎక్కడ గేలం వేశాడో, పడవలోంచి ఒడ్డు వైపు చూస్తే ఏ కొండ ఏ కొండకి సూటిగా పడినప్పుడు పడవ ఆపాడో, అన్నీ. ఇలాంటి గుర్తులు పేటలో ఎవరూ ఎవరికీ చెప్పరు. కొడుక్కి కూడా నోటితో చెప్పరు, పడవలో పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తారు. పెళ్ళానికి చెబితే మాత్రం తప్పులేదు. ఆమె ఎలాగూ సముద్రానికి రాదు.

ఆ గుర్తులన్నిటిలో పెద్దది గురువులు రాయి. గురువులు ఎల్లాజీ తండ్రి. తెరచాప తెప్పల రోజుల్లో ఆయన తాడుకు బరువు కట్టి లోతు చూస్తుంటే, ఒక చోట తాడు సగానికే ఆగిందట. నీటి కింద రాతి గుట్ట ఉంది. దాని చుట్టూ కోనెం చేప తిరుగుతుంది. పెద్ద బోట్లు వలలు చిరుగుతాయని ఆ చాయలకు పోవు. ఆ రాయి మీద ఆ ఇల్లు రెండు తరాలు బతికింది.

కొడుకు నాగబాబు ఆ రాయిని చూడలేదు. పద్దెనిమిదో ఏట ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి పెద్ద బోట్లలో పని నేర్చాడు. "నా పడవెక్కినప్పుడు సూపిస్తాన్రా" అనేవాడు ఎల్లాజీ. నాగబాబు పెద్ద బోట్లు మానుకుని తండ్రి పడవకి కొత్త ఇంజను బిగించేసరికి ఏటా వేసవిలో పెట్టే వేట నిషేధం వచ్చింది. నిషేధం ఎత్తేయడానికి తొమ్మిది రోజుల ముందు ఎల్లాజీ ఆసుపత్రిలో పోయాడు. చివరి రెండు రోజులూ మాట లేదు.

జూన్ నెలాఖరు వరకూ నాగబాబు పడవ ఖాళీగానో, ఖాళీకి దగ్గరగానో తిరిగొచ్చింది. పేటలో సగం మంది కుర్రాళ్ళు ఏటా చేసేదే అతనూ చేస్తానన్నాడు. ఆగస్టులో గుజరాత్ వెళ్ళి వెరావల్ బోట్లలో చేరితే తొమ్మిది నెలలు అక్కడే. దువ్వాడలో రైలెక్కడానికి, మనుషుల్ని కుదిర్చే మేస్త్రి పేర్లు రాసుకుంటున్నాడు. అలా వెళ్ళినవాళ్ళు కొందరు సముద్రంలో సరిహద్దు గీత దాటి పాకిస్తాన్‌కి పట్టుబడ్డ సంగతి పోతమ్మకు తెలుసు. ఆ మాట ఎత్తకుండా ఆమె వేరే మాట ఎత్తింది.

"గురువులు రాయి నాకు తెల్సురా."

నాగబాబు నవ్వాడు. "నీకా? ఎప్పుడన్నా పడవలో కాలెట్టేవేటి?"

"మీ అయ్య సెప్పేడు. లైటౌసొచ్చి యారాడ కొండ నొక్కులో పడాల. సింహాసెలం కొండ, కైలాసగిరి కొమ్ము దాటి కుడిసేతి పక్కకి బెత్తెడు ఇవతలకి రావాల. అక్కడ ఆపాల."

మర్నాడు నాగబాబు తన వేటజోడు అర్జునరావుని తీసుకెళ్ళాడు. రెండు గుర్తులూ చెప్పినట్టే పడ్డాయి. గేలం అడుగుదాకా జారింది, బురద అంటుకుని వచ్చింది. మర్నాడూ బురదే. మూడోనాడు ఒడ్డున పదిమంది ముందు అర్జునరావు, "బావా, మీ యమ్మకి రాయి తెల్సు గానీ, రాయికి మీ యమ్మ తెల్దనుకుంటాను" అన్నాడు. అందరూ నవ్వారు. నాగబాబు ఇంటికొచ్చి, మేస్త్రికి పేరు రాయించేశానని చెప్పాడు.

ఆ మధ్యాహ్నం పోతమ్మ గంప ఎత్తలేదు. లోపల, ఎప్పుడూ వడ్డించే చోట కూర్చుని, గుర్తుని మొదటినుంచీ మళ్ళీ పైకి చెప్పుకుంది. "లైటౌసు నొక్కులో... సింహాసెలం ఈ సేతి పక్కకి..." ఎల్లాజీ కుడి అనీ ఎడమ అనీ ఎప్పుడూ అనలేదు. ముద్ద పట్టని చేతిని పొయ్యి వైపుకి ఎత్తి "ఈ సేతి పక్కకి" అనేవాడు. పోతమ్మ కూడా పొయ్యి వైపు చెయ్యెత్తింది. అది ఆమె కుడిచెయ్యి.

గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్న కోడలు సూర్యకళ అత్త వైపే చూస్తోంది. చూస్తూ తనూ పొయ్యి వైపు చెయ్యెత్తింది.

"అత్తా, నాది ఎడమొచ్చిందేటి?"

పోతమ్మ ఆమెకేసి చూసింది. కోడలి వీపు సముద్రానికి, ముఖం కొండలకి, పడవలోంచి ఒడ్డుని చూసేవాడికిలాగే.

"మావ ఇక్కడే కదా కూసునేవోడు? ఎడంసెయ్యెత్తేడు గావాల."

పోతమ్మ చెయ్యి దించింది. ఎల్లాజీ ముద్ద కలిపేది కుడిచేత్తోనే. ఖాళీగా ఉండేది ఎడమే.

"ఇన్నేళ్ళు ఎదురుగా కూసున్నాను గానీ, ఆ మనిసి పక్కన కూసోనేదే," అంది.

సంగతి చెప్పినా, నాగబాబు ఆ రాయి కోసం ఇక వెళ్ళనన్నాడు. డీజిలు దండగన్నాడు. పోతమ్మ బతిమాలలేదు. సూర్యకళే, "మీ యమ్మ మాట మీద కాదు, నా మాట మీదెల్లు. దొరక్కపోతే నానే నీ బేగు సర్దుతాను" అంది. అర్జునరావు కూడా రానంటే, పక్కింటి సింహాద్రిని ఎక్కించుకుని వెళ్ళాడు.

సింహాచలం కొండని ఎడమవైపుకి రాబట్టాలంటే పడవని దక్షిణానికి చాలాదూరం తేవాల్సొచ్చింది. ఇంజను ఆపి, గేలం వదిలాడు. తాడు సగానికే ఆగింది. జీపీఎస్‌లో చోటు గుర్తు పెట్టుకోవడానికి ఫోను తీశాడు గానీ, చేతిలో తాడు అప్పటికే లాగుతోంది.

పదకొండు కోనాలు, ఒక గోనెడు రాతి చేపలు దిగాయి. ఒడ్డున అర్జునరావు ముందు చేపల్ని చూశాడు, తర్వాత పోతమ్మని చూశాడు.

"అత్తా, నన్నూ రేపు రమ్మంతావా?"

"రాయినడుగు. దానికి నాను తెల్దు కదా," అంది పోతమ్మ.

మర్నాడు అతన్నీ తీసుకెళ్ళారు. ఆ తర్వాత నెల రోజులు ఒకనాడు నిండుగా, ఒకనాడు వెలితిగా వేట సాగింది. తండ్రి చెప్పినంత గొప్పగా ఏమీ లేదు. రైలుకి రెండు రోజుల ముందు నాగబాబు గుమ్మంలో నిలబడి మేస్త్రికి ఫోను చేశాడు.

"నాను రావట్లేదు. మరొకడి పేరు రాసీ. ఈ ఏడుకి ఇక్కడే."

పోతమ్మ కోనాల మీద మంచుముక్కలు సర్దుతోంది. "ఈ ఏడుకేనా?" అంది తలెత్తకుండా.

"ఈ ఏడు సూద్దామే. పైయేడు మాట పైయేడు."

మద్దిలపాలెం బస్సుకి వేళయింది. కొడుకు గంప ఎత్తి నెత్తిన పెడితే, సరిచేసుకుని బయల్దేరింది.