మూడు కుట్లకో ముడి

మా నాన్న ఏ యుద్ధానికీ వెళ్లలేదు. ఆయన పోయి రెండు నెలలైంది. అయినా ఈ మాట కాగితం మీద పెడుతుంటే చెయ్యి వెనక్కే లాగుతోంది. మా వీధిలో ఆయన్ని అందరూ కెప్టెన్ అనేవాళ్లు.

ఆయన దర్జీ. పెళ్లికి ముందు రెండేళ్లు సైన్యం బట్టల డిపోలో పనిచేశాడు. అది యుద్ధం జరిగిన చోటికి రెండు రోజుల రైలు ప్రయాణమంత దూరం. అక్కడ రేకుల షెడ్డులో కూర్చుని పాత కోట్లు బాగుచేసేవాడు. గోతాలకు గోతాలు వచ్చేవట. ప్రతి కోటుకీ కాలర్ లోపల సిపాయి నంబరు రాసిన గుడ్డపట్టీ ఉండేది. దాన్ని ఊడదీసి పారెయ్యాలి. సిపాయి తనంతట తాను వేసుకున్న కుట్లేవైనా ఉంటే, పోగు మిగలకుండా వాటినీ విప్పెయ్యాలి. అప్పుడు చిరుగు కనబడకుండా దారం అల్లి రఫూ చేసి ఇంకో సిపాయికి పంపాలి. "తొడుక్కునేవాడికి తనకంటే ముందు అందులో ఇంకొకడు ఉన్నాడని తెలియకూడదు. మా పనల్లా అదే" అని ఒకసారి నాతో అన్నాడు.

పని ముగిశాక డిపోవాళ్లు ఆయనకీ ఒక పాత కోటు ఇచ్చారు. అది తొడుక్కుని రైలెక్కాడు. చిన్నప్పుడు మేడమెట్ల మీంచి పడి దెబ్బతిన్న ఎడమకాలు ఈడ్చుకుంటూ వస్తుంటే, పెట్టెలో ఒక పెద్దాయన చటుక్కున లేచి "కూర్చో నాయనా, మాకోసం పోరాడి వచ్చినవాడివి" అని తన చోటిచ్చాడట. నాన్న కాదనలేదు. నిలబడి నిలబడి కాలు లాగేస్తోంది, కూర్చున్నాడు. ఆ చోట్లోంచి ఆయన మళ్లీ లేవలేకపోయాడు.

మా కొట్టు పక్కనే సెలూన్. ఆ సెలూన్ మామయ్యకి నాన్న బావ వరస, సొంత చుట్టరికమేమీ కాదు. గడ్డం గీయించుకునేవాళ్లు లేని మధ్యాహ్నాల్లో మా బెంచీ మీద చేరగిలబడి, "ఏం బావా, ఇవాళ ఎంతమందిని లేపేశావు?" అని మొదలుపెట్టేవాడు.

"ఇవాళ సెలవు" అనేవాడు నాన్న సూదిలో దారం ఎక్కిస్తూ.

"అదేంటి, శత్రువులకి చెప్పావా మరి సెలవని?"

లోపల్నుంచి అమ్మ అందుకునేది: "అన్నయ్యా, ఆ కాలికి తగిలింది తూటా కాదు, మేడమెట్టు. పెళ్లయిన మర్నాడే అత్తయ్య చెప్పింది నాకు."

అందరూ నవ్వేవాళ్లు, నాన్నతో సహా. నవ్వు ఆగాక కథ మాత్రం ఆగేది కాదు. ఆ కథల్లో ఆయనకో నేస్తం ఉండేవాడు. పేరేమిటంటే "పేర్లు చెప్పకూడదు, మిలట్రీ రహస్యం" అనేవాడు. నంబరు మాత్రం చెప్పేవాడు: నాలుగు ఒకటి ఒకటి ఏడు. చలిలో ఒకే దుప్పటి కప్పుకోవడం, ఒకే రొట్టె పంచుకోవడం, అన్నీ ఆ నంబరుతోనే.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, ఒక మంగళవారం, ఆవిడ వచ్చింది. నేను చొక్కాకి గుండీలు కుడుతున్నాను. ఆస్పత్రి లాండ్రీలో పనిచేసే ఆవిడ. సబ్బునీళ్లలో నాని నాని వేళ్ల చివర్లు తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నాలుగు ఒకటి ఒకటి ఏడు నీ పక్కన పడుకునేవాడట కదా బాబూ. సెలూన్ ఆయన చెప్పాడు."

నాన్న కాలు మిషన్ మీద ఆగిపోయింది.

"వాడు నా కొడుకు. కనబడటం లేదని ఒక కాగితం వచ్చింది. అంతే, ఆ తర్వాత ఇంకేం రాలేదు. ఎందుకు పోయాడు, ఎలా పోయాడు అని అడగను. ఒక్కటే అడుగుతా. పోయేటప్పుడు ఒంటరిగా ఉన్నాడా?"

నాన్న నావైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. 'నిజం చెప్పనా?' అని అడుగుతున్నట్టు ఉంది. నేను తల వంచుకుని గుండీకి ఇంకో చుట్టు దారం చుట్టాను.

"లేదమ్మా, నేనున్నాను. తల నా ఒళ్లోనే ఉంది" అన్నాడు నాన్న.

ఆవిడ అప్పుడు లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చుంది.

ఆ సాయంత్రం నాన్న గుండీల బీరువా వెనకనుంచి ఒక చిన్న రేకు డబ్బా తీసి నా ముందు పెట్టాడు. అందులో నాలుగు ఒకటి ఒకటి ఏడు నంబరు పట్టీ, కొన్ని నల్లదారం ముక్కలు ఉన్నాయి.

"ఆ నంబరు కోటు డిపోలో బాగుచెయ్యడానికి నా చేతికి వచ్చింది. మోచెయ్యి దగ్గర తప్ప ఇంకెక్కడా చిరగలేదు. మరక లేదు. ఆ మోచెయ్యి ఆ పిల్లాడే కుట్టుకున్నాడు. ఎంత వంకరటింకర కుట్టో! మూడు కుట్లకో ముడి వేశాడు. ముడి ముడి దగ్గరా కత్తిరిస్తే గానీ రాలేదు. ఎందుకో పారెయ్యబుద్ధి కాలేదే" అన్నాడు. ముక్కల్ని డబ్బాలో సర్దుతూ, "ఆ కుట్టు వాళ్లమ్మ నేర్పిందే అయ్యుంటుంది. వచ్చే మంగళవారం ఇచ్చేస్తా. అంతా చెప్పేస్తా" అన్నాడు.

ఆ వచ్చే మంగళవారం పదకొండేళ్లపాటు రాలేదు.

ఆవిడ మాత్రం వచ్చేది. మంగళవారం ఆవిడకి సెలవు. రెండింటికి వచ్చి బెంచీకి ఒక చివర కూర్చుని "చెప్పు బాబూ" అనేది. నాన్న చెప్పేవాడు. తెల్లవారుజాము, చలి, మంచు, ఒళ్లో తల. మాట ఎక్కడైనా తేడా వస్తే ఆవిడ పట్టేసేది: "పోయినసారి ఎడం చెయ్యి పట్టుకున్నానన్నావుగా." "ఎడమేనమ్మా, ఎడమే" అని దిద్దుకునేవాడు. ఆవిడ వెళ్లాక ఆయన చొక్కా వీపంతా తడిసి ఉండేది.

సెలూన్ మామయ్యకి కథలు చెప్పడం మానేశాడు. "ఏం బావా, కాల్పుల విరమణా?" అని మామయ్య ఎంత గిల్లినా పలికేవాడు కాదు. కొన్నాళ్లకి మోచేతులు కుట్టడం కూడా మానేశాడు. భుజం చిరిగితే కుడతాడు, జేబు ఊడితే కుడతాడు. మోచెయ్యి చిరిగిన చొక్కా తెస్తే మడతపెట్టి తిరిగి ఇచ్చేవాడు. "కెప్టెన్‌కి మోచేతులంటే భయం" అని వీధిలో కొత్త జోకు పుట్టింది. అమ్మ మాత్రం ఆ జోకుకి ఒక్కసారీ నవ్వలేదు.

ఆ తర్వాత బెంచీ సంగతి. రెండో చివర ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. అక్కడ బట్టలు పెట్టినా తీసేసేవాడు. ఒక మధ్యాహ్నం కొట్లో ఆయన ఒక్కడే ఉన్నాడనుకుని నేను లోపల్నుంచి వస్తుంటే, కత్తెర పక్కకి జరుపుతూ, ఖాళీగా ఉన్న ఆ చివరవైపు తిరిగి మెల్లగా అంటున్నాడు: "కాస్త జరుగు నాయనా, మోచెయ్యి తగులుతోంది."

నేను వచ్చినదారినే వెనక్కి వెళ్లిపోయాను.

చివరి రోజుల్లో మంచం మీదనుంచి ఆ డబ్బా తెప్పించుకున్నాడు. మూత తియ్యలేదు. నా చేతిలో పెట్టి, "నావల్ల కాలేదే. నువ్వు ఇచ్చెయ్. ఇచ్చి, ఎలా వచ్చిందో చెప్పు" అన్నాడు. సరే నాన్నా అన్నాను. గురువారం పోయాడు.

మంగళవారం నేనే కొట్టు తీశాను. రెండింటికి ఆవిడ వచ్చింది. ఈమధ్య చూపు తగ్గి, గోడ పట్టుకుని నడుస్తోంది. ఎప్పటి చోటే కూర్చుంది.

"సెలూన్ ఆయన చెప్పాడమ్మా. నాకింక నా కొడుకు సంగతి ఎవరు చెప్తారే?" అంది.

డబ్బా ఆవిడ ఒళ్లో పెట్టాను. రేకుల షెడ్డు, గోతాలు, నంబరు పట్టీ, రైల్లో పెద్దాయన, అన్నీ చెప్పాను. మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు. ఆవిడ మూత తీసి దారం ముక్కల్ని ఒక్కొక్కటిగా వేళ్లతో తడిమింది. ఇన్నేళ్లయినా వాటికి కుట్ల వంపులు పోలేదు.

"పదేళ్లప్పుడు నేర్పా వాడికి. మూడు కుట్లకో ముడి వెయ్యరా, ఒకచోట తెగినా తక్కింది నిలబడుతుంది అని" అంది.

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. దేనికైనా సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ ముక్కలన్నీ లెక్కగా డబ్బాలో పెట్టి, మూత నొక్కి, తలెత్తింది.

"అయితే మరి, వాడి తల ఎవరి ఒళ్లో ఉన్నట్టే?"

ఆవిడ జవాబు కోసం కాసేపు కూర్చుని, డబ్బా సంచిలో వేసుకుని, గోడ పట్టుకుని వెళ్లిపోయింది. ఇంక రాదనుకున్నాను. నాన్న పదకొండేళ్లు కాపాడినదాన్ని పావుగంటలో విరగ్గొట్టి ఆవిడ చేతిలో పెట్టాననిపించింది. ఆయనే చెప్పమన్నాడు, నిజమే. కానీ ఆయన ఆ గుమ్మంలో ఆ మొహం ఒక్కసారి చూసి, చెప్పలేకపోయాడు.

తర్వాతి మంగళవారం రెండింటికి గుమ్మంలో చప్పుడైంది. ఆవిడే. బెంచీకి తన చివర కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుంది.

"చెప్పు" అంది.

"ఏం చెప్పను పెద్దమ్మా? అంతా చెప్పేశాగా."

"అది కాదు. మీ నాన్న చెప్పేది చెప్పు. తెల్లవారుజాము నుంచి."

చేతిలో చొక్కా పక్కన పెట్టాను. తర్వాత మొదలుపెట్టాను. తెల్లవారుజాము. చలి. ఇద్దరికీ ఒకటే దుప్పటి. గొంతు నాదే, మాటల విరుపు మాత్రం నాన్నది. కుడి చెయ్యి పట్టుకున్నాడని చెప్పబోయాను.

"ఎడం" అంది ఆవిడ కళ్లు మూసుకునే.

"ఎడం చెయ్యి" అన్నాను.

అంతలో ఎవరో చిరిగిన చొక్కా పట్టుకుని లోపలికి వచ్చి, ఖాళీగా ఉంది కదా అని బెంచీ రెండో చివర కూర్చోబోయారు.

"అక్కడొద్దు" అన్నాం, ఇద్దరం ఒకేసారి.