సూది మందు నేర్చిన నరసింహ

ఆ పల్లెలో ఎవరికి జ్వరం తగిలినా సూది వేసేది నరసింహే. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. పొయ్యి మీద గిన్నె పెట్టి, సిరంజిని నీళ్ళలో వేసి, అది కుతకుత ఉడికేదాకా అక్కడే గొంతుక్కూర్చుంటాడు. పక్కనున్నవాళ్ళు ఇక చాలులే అన్నా వినడు. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పోయే రోడ్డుకు కాస్త లోపలగా, చెరువు కింద రెండు మడి చెక్కలు, మెట్ట మీద ఇంత జొన్నచేను ఉన్న రైతు. చదువంటారా, వానాకాలం చదువు. ఇలాంటివాడు ఈ విద్య ఎక్కడ నేర్చాడని కొత్తవాళ్ళు అడుగుతారు. ఊరివాళ్ళు మాట మారుస్తారు. మామూలుగా ఏ మాటా దాచుకోలేని ఊరు అది. ఈ ఒక్కటి మాత్రం దాచుకుంది.

అంతకు ముందు నరసింహ పేరు వేరే పనికి మోగేది. ఆవు ఈనలేక అవస్థ పడుతోందంటే చుట్టుపక్కల పల్లెల నుంచి అతనికే కబురు వచ్చేది. చేతికి ఆముదం పూసుకుని, అడ్డం తిరిగిన దూడను లోపలే సర్ది, ముందుకాళ్ళు దొరకబుచ్చుకుని బయటికి లాగేవాడు. డొక్క మీద అరచెయ్యి ఆనించి, లోపల దూడ బతికుందో లేదో చెప్పేవాడు. అలాంటివాడి ఇంట్లో, పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఊయల ఊగలేదు. దేవుడు వేళాకోళం చేస్తాడంటారు గానీ, ఇది మరీ మోటు వేళాకోళం.

అతని భార్య పెంచలమ్మ. సొంత మేనమామ కూతురే. ఇద్దరి పేర్లూ పెంచలకోన నరసింహస్వామి పేర్లే, మొక్కుకుంటే పుట్టినవాళ్ళే ఇద్దరూ. ఆమెకు నెల తప్పడానికి లోటు లేదు, నిలవడానికే లోటు. రెండో నెల నిండీ నిండకముందే పోయేది. మొదటిసారి ఒళ్ళు వేడి చేసిందన్నారు. రెండోసారి దిష్టి అన్నారు. మూడోసారికి అత్త వెంకమ్మ ఆమెను అనుమసముద్రంపేట దర్గాకు తీసుకుపోయి నిద్ర చేయించింది. నాలుగోసారి ఎవరూ ఏమీ అనలేదు. పెంచలమ్మ ఏడవను కూడా ఏడవలేదు. నాలుగో రోజుకల్లా తలకు పోసుకుని రోకలి పట్టుకుంది. పక్కింట్లో బిడ్డను ఊయల్లో వేసే రోజున పేరంటానికి పిలవకుండా, నానబెట్టిన సెనగలు గడప దగ్గరే ఆమె కొంగులో పోసి వెళ్ళారు. ఆమె ఆ సెనగల్ని ఆవుకు పెట్టింది. నరసింహ అది చూశాడు. ఆ రోజు అతనికి అన్నం సయించలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు అతను ఆమెను వెంటబెట్టుకుని నెల్లూరు పోయాడు. అక్కడ ఒక లేడీ డాక్టరు ఉంది. పెంచలమ్మను లోపల పరీక్ష చేసి, నరసింహను పిలిచి కూర్చోమంది. ఆడవాళ్ళ సంగతులు ఒక ఆడమనిషి ఎదురుగా కూర్చుని చెబుతుంటే అతను సిగ్గుతో చచ్చిపోయాడు. తలగుడ్డ విప్పి మోకాళ్ళ మీద పెట్టుకుని, దాన్నే చూస్తూ విన్నాడు.

"కడుపు నిలబెట్టే రసం ఒకటి ఆడవాళ్ళ ఒంట్లోనే ఊరాలి. దాన్ని హార్మోను అంటారు. మీ ఆవిడకు అది చాలినంత ఊరడం లేదేమోనని నా అనుమానం. నూనెలో కలిపిన సూది మందుగా మద్రాసు నుంచి వస్తుంది. కొందరికి నిలిచింది, కొందరికి నిలవలేదు. ఖాయంగా చెప్పలేను" అంది డాక్టరు.

"ఇప్పుడే వేసేయండమ్మా."

"ఇప్పుడు వేస్తే ఏం లాభం? నెల తప్పిన వెంటనే రండి. వారానికి రెండు చొప్పున, నాలుగో నెల దాటేదాకా వేయాలి."

దారి పొడవునా ఇద్దరూ గాలిలో తేలుతూ వచ్చారు. ఇంటికి రాగానే నరసింహ తల్లికి అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. వెంకమ్మ చివరిదాకా విని, చాట పక్కన పెట్టింది.

"నెల తప్పినాక నెల్లూరికా? పెన్న దాటాల గదరా. కడుపుతో ఉండేది ఏరు దాటకూడదు."

పెన్నకు వాళ్ళు ఈ గట్టున, నెల్లూరు ఆ గట్టున. ఏరు దాటగలిగిన రోజుల్లో పెంచలమ్మకు అక్కడ మందు లేదు. మందు ఉన్న రోజుల్లో ఆమె ఏరు దాటకూడదు. వెంకమ్మ రాక్షసేమీ కాదు. పెంచలమ్మ ఆమెకు కోడలి కంటే ముందు తమ్ముడి బిడ్డ. మనవడి కోసం ఆమె మొక్కని రాయి లేదు. కానీ నాలుగు పోగొట్టుకున్న ఇంట్లో, అయిదోదాని మీద పందెం కాసి కట్టు తప్పే ధైర్యం ఎవరికుంటుంది? నరసింహ తల్లితో వాదానికి దిగబోయాడు. ఆపింది పెంచలమ్మే.

"అత్త చెప్పినట్టే కానీ బావా. ఏరు దాటినాక పోయిందనుకో, దాటినందుకే పోయిందని నాకే అనిపిస్తాది. బతికినన్నాళ్ళూ అనిపిస్తాది."



మళ్ళీ ఒక్కడే నెల్లూరు పోయాడు. డాక్టరు మండిపడుతుందనుకున్నాడు, తిట్లకు సిద్ధపడే పోయాడు. ఆమె కోప్పడలేదు. "ఆ గుంతల రోడ్డులో బస్సు కుదుపులు ఆమెకు ఎలాగూ మంచివి కావు. బండి కూడా ఎక్కించొద్దు. మీ ఊళ్ళో సూది వేసేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగింది. ఊళ్ళో ఎవరూ లేరు. ఆత్మకూరులో లిదియమ్మ ఉంది. ఆసుపత్రిలో నర్సుగా చేసి మానుకున్న మనిషి. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, వారానికి రెండుసార్లు అంత దూరం రాలేదు.

"నేనెక్కడ వస్తాను నాయనా. నువ్వే నేర్చుకో. గొడ్లకు పురుడు పోసేవాడివి, ఇదెంత నీకు?" అంది లిదియమ్మ.

అతనికి వంకాయ మీద నేర్పింది. సూది ఎంత లోతు దిగాలో, దించాక సిరంజి పుల్లను కాస్త వెనక్కి లాగి నెత్తురు వస్తోందేమో ఎలా చూసుకోవాలో చూపించింది. నూనె మందు చిక్కగా ఉంటుంది, గాజుబుడ్డిని గుప్పిట్లో పెట్టుకుని వెచ్చబెడితేగానీ సూదిలోంచి దిగదని, వెచ్చబడ్డాకే బుడ్డి మెడ విరిచి మందు లాగాలని చెప్పింది. మోచేతి దాకా ఆవు లోపల చెయ్యి పెట్టి బెదరనివాడు వంకాయ ముందు చెమటలు కక్కాడు. అన్నాళ్ళూ ఆ ఇంట్లో వంకాయ కూరే. "ఈ వంకాయలకు ఇంక జన్మలో రోగం రాదులే బావా" అని పెంచలమ్మ నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో.

జొన్న పొట్టకొచ్చే రోజుల్లో ఆమెకు నెల తప్పింది. బయట ఎవరికీ చెప్పలేదు. నరసింహ మర్నాడే నెల్లూరు పోయి డాక్టరుకు చెప్పి మొదటి పొట్లం తెచ్చుకున్నాడు. తర్వాతి పొట్లాలను డాక్టరు బస్సు డ్రైవరు మస్తాన్ చేతికిచ్చి పంపేది. అతను వాటిని తన సీటు కింద గడ్డిలో పెట్టి తెచ్చి, రోడ్డు మీద నిలబడ్డ నరసింహ చేతుల్లో పెట్టేవాడు. ఏంది, ఎవరికి అని మస్తాన్ ఒక్కసారీ అడగలేదు.

మొదటి సూది రోజున పెంచలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నూనె మందు ఎంతకీ దిగదు. పుల్లను నొక్కుతున్న అతని బొటనవేలు తెల్లబడిపోయింది.

"నొప్పిగా ఉండాదా మే?"

"నొప్పి పుడితేనేగా మందు లోపలికి పోయినట్టు. నువ్వు కానీ."

సూది గుచ్చిన చోట గడ్డలు కట్టేవి. వెంకమ్మ ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టేది. రాను రాను గాజుబుడ్డిని వెచ్చబెట్టే పని కూడా ఆమే తీసుకుంది. ఎసరు పెట్టే పొయ్యి మీద ముందు సిరంజి ఉడకాలి, తర్వాతే అన్నం. ఎప్పుడూ కడుపు పోయే రోజులు వచ్చాయి. ఇంట్లో ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిరిగారు. ఆ రోజులు దాటిపోయాయి. పోలేదు. మూడో నెల పడింది. వెంకమ్మ బావి దగ్గర ఆ మాట ఊరందరికీ చెప్పేసింది. ఊరు ఊరంతా సంతోషపడింది, అది మాత్రం చెప్పుకోవాలి. ఒకరు చింతకాయ తొక్కు తెచ్చారు, ఒకరు పచ్చి మామిడికాయలు. పెంచలమ్మ పని చేసుకుంటూ కడుపుతో మాట్లాడడం నరసింహ విన్నాడు. "అల్లరి చేయబాకరా, మీ నాయనకు సూది సరిగ్గా దిగదు" అంటోంది. అతను పశువుల కొట్టంలోకి పోయి, ఎవరూ లేరు గదా అని, తనివితీరా ఏడ్చాడు.

తర్వాత వేవిళ్ళు ఆగిపోయాయి. మంచిదే, నాలుగో నెల దగ్గరపడితే ఆగుతాయి అంది వెంకమ్మ. చీర కుచ్చిళ్ళు మాత్రం ఎక్కడ దోపుకునేదో అక్కడే దోపుకుంటోంది పెంచలమ్మ. నాలుగో నెల నడుస్తోంది. పొట్ట ఎత్తు రాలేదు. ఉతికిన గుడ్డల్లో ఒకటి దొడ్డి వెనక విడిగా ఆరేసి ఉంది. దాని మీద కాఫీ రంగు మరక. పెంచలమ్మ ఆ మాట చెప్పలేదు, అతను అడగలేదు.

ఒకప్పుడు అతను ఒక ఆవును చూశాడు. నెలలు నిండినా ఈనదు, ఎదకూ రాదు. లోపల దూడ ఎప్పుడో చచ్చి ఎండిపోయింది, ఆవు దాన్ని అట్లాగే మోస్తూ మేత మేస్తోంది. ఆ ఆవు ఇప్పుడు పదే పదే గుర్తుకొచ్చేది. ఛీ, మనిషికీ గొడ్డుకూ పోలికేంటని తనను తనే తిట్టుకునేవాడు. ఊరందరి ఆవులకూ డొక్క మీద చెయ్యి పెట్టి చెప్పినవాడు, పెళ్ళాం కడుపు మీద చెయ్యి వేయడానికి భయపడ్డాడు. సూది రోజు వస్తే సూది వేసేవాడు. అంతకు మించి అతనికి చేయడానికి ఏమీ లేదు.

ఒక పొద్దున వెంకమ్మ చాటలో సజ్జలు చెరుగుతూ, తల ఎత్తకుండా అంది.

"పెంచలమ్మను నెల్లూరికి తీసకపోరా."

"పెన్న దాటాల గదమ్మా."

ఆమె చెరగడం ఆపలేదు. "దాటొచ్చులే" అంది.

నరసింహ తల తిప్పాడు. వంటింటి గుమ్మంలో పెంచలమ్మ నిలబడి ఉంది. ఆమె కూడా విన్నది. ఆమె లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది.

మస్తాన్‌కు సంగతి తెలియదు. కడుపుతో ఉన్న మనిషి ఎక్కిందని, ప్రతి గుంత దగ్గరా ఎడ్లబండి తోలినట్టు బస్సును పారాడించాడు. ప్రయాణికులు గొణిగితే వాళ్ళ మీద కళ్ళెర్రజేశాడు. ఇంక అంత జాగ్రత్త అక్కర్లేదని అతనికి చెప్పడానికి నరసింహకు నోరు రాలేదు. పెన్న దాటుతున్నంతసేపూ పెంచలమ్మ రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

డాక్టరు చాలాసేపు పరీక్ష చేసింది. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చెప్పింది.

"పోయి చాలా రోజులయిందమ్మా. మూడో నెల పడకముందే పెరగడం ఆగిపోయినట్టుంది. మందు పట్టి ఉంచింది కాబట్టి బయటికి రాలేదు, అంతే."

"అయితే నేను వేసిన సూదులు?" అన్నాడు నరసింహ.

"నీ తప్పేమీ లేదయ్యా. సరిగ్గానే వేశావు. నీ చేతుల్లో ఉన్నది కాదు, నా చేతుల్లో ఉన్నదీ కాదు. ఇక మందు ఆపేయండి. ఆపిన కొన్నాళ్ళకు దానంతట అదే వచ్చేస్తుంది. జ్వరం వచ్చినా, నెత్తురు ఎక్కువ పోయినా వెంటనే తీసుకురా."

ఆమె ఇంకా ఏదో చెప్పింది, మళ్ళీసారి గురించి. నరసింహకు వినపడలేదు. తల్లి సంతోషంతో బావి దగ్గర మాట చెప్పిన రోజూ, చింతకాయ తొక్కు వచ్చిన రోజూ, తను కొట్టంలో ఏడ్చిన రోజూ ఒకటొకటే కళ్ళ ముందు తిరిగాయి. అప్పటికే అక్కడ ఎవరూ లేరు. లేనివాడి కోసం ఆమెను పొడిచాడు.

ఇంటికి వచ్చాక వెంకమ్మ కోడలికి వేడినీళ్ళు తోడి, తనే వీపు రుద్దింది. మిగిలిన మందు పొట్లాన్ని నరసింహ అటక మీద పెట్టేశాడు. మర్నాడు చేనికి పోయాడు గానీ ఏం చేశాడో అతనికే తెలియదు. ఆ మర్నాడు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నాయి. అందులో సిరంజి ఉంది. పక్కన పీట మీద పొట్లం విప్పి ఉంది. పెంచలమ్మ చాప పరుచుకుంటోంది.

"డాక్టరమ్మ ఆపమనింది గదా మే."

"ఆపితే పోతాదంట గదా."

నరసింహ ఆమె పక్కన చతికిలపడ్డాడు. ఎట్లా చెప్పాలో తెలియక, చివరికి ఉన్నమాటే చెప్పాడు.

"అందులో ఏం లేదు పెంచలా."

"లేదని నాకూ తెలుసు బావా. నీకంటే ముందే తెలుసు. ఏదీ ఇన్నాళ్ళు నా దగ్గర ఉండలా. ఇదొక్కటే ఉండాది. ఇంకో నాలుగు దినాలు ఉండనీ" అంటూ ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

నరసింహ గాజుబుడ్డిని గుప్పిట్లోకి తీసుకుని, అది వెచ్చబడేదాకా కూర్చున్నాడు. తర్వాత దాని మెడ విరిచాడు.